లగమవ్వ తెచ్చిన డబ్బా

మా వదిన లగమవ్వకి భయమంటే తెలియదని మా మందల వాళ్ళందరూ అనేవాళ్ళు. చచ్చిన గొర్రె దగ్గరికి మగవాళ్ళే ముక్కు మూసుకుని వెళ్తారా, ఆవిడ మాత్రం కొంగు బిగించి, కత్తి పట్టుకుని దాని ముందు చతికిలబడేది. కడుపు చీల్చి, కార్జం తిప్పి చూసి, "జలగ పట్టింది. ఆ మడుగు గట్టున మేపొద్దంటే విన్నావా?" అని మా అన్న భరమప్పని తిట్టిపోసేది. ఆవిడ తినొచ్చంటేనే ఆ మాంసం పొయ్యెక్కేది, వద్దంటే గోతిలోకి. ఈ కడుపు చూసే విద్య మా అమ్మ ఆవిడకి నేర్పింది. నాకూ నేర్పాలని చూసింది గానీ ఆ వాసనే నాకు పడేది కాదు. అందుకే మందని వదిలి, ఇలకల్లు దగ్గర పశువుల ల్యాబులో పనికి చేరాను. బల్లలు తుడవడం, సీసాలు కడగడం, జనం తెచ్చిన నమూనాలు తీసుకుని లోపలివ్వడం నా పని. ఖర్మ చూడండి, ఏ వాసన నుంచి పారిపోయి వచ్చానో అదే నాకిక్కడ సీసాల్లో పోసి ఇచ్చారు.

ఆ వేసవిలో ఒక పొద్దున వదిన ల్యాబు గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో తడిగుడ్డ చుట్టిన స్టీలు డబ్బా. మండే ఎండలో కొంగు మెడచుట్టూ బిగించుకుని ఉంది.

"ఏం వదినా, ఎండాకాలంలో చలి పుట్టిందా? జొన్నరొట్టెలు తెచ్చినావా నాకు?" అంటూ డబ్బా లాక్కున్నాను. నాకు ఆకలిగా ఉంది. శనగకాయల పొడి కూడా తెచ్చి ఉంటుందని నోరూరింది. మూత మీద చెయ్యి వేశాను.

"రొట్టెలు కాదే, తిల్లి," అంది వదిన. మా ల్యాబులో ప్లీహం అనేది దాన్నే. "నిన్న ఇంకో గొర్రె చచ్చిపాయ. పోయిన వారం ఒకటి. మేసేది మేస్తానే దభీమని పడినాయి రెండూ. ముక్కులో నల్ల నెత్తురు. రెండిటినీ కోస్తే గడ్డ కట్టకుండా కారతానే ఉండాది. తిల్లి చూడు, ఇంతింత ఊరిపోయి, నేరేడుపండు గుజ్జు మాదిరి చేతికి అంటుకుంటాంది. నా జన్మలో ఇట్లాంటిది చూడలా. మీ సారు గాజుపలక మీద చూసి పేరు చెప్తాడంటివి కదా, అందుకే మంచి ముక్క ఏరుకుని తెచ్చినా."

నా వెనక కుర్చీ కిందపడిన చప్పుడైంది. డాక్టరు ఇందుధర్ సారు ఆ మాటలన్నీ విన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, "మాయవ్వా! మూత తియ్యకు! కింద పెట్టు, చేతులు దేనికీ తగిలించకు!" అని అరిచాడు.

డబ్బా కింద పెట్టాను. నా చేతులు నావి కానట్టు దూరంగా చాపుకుని నిలబడ్డాను.

సారు నా చేతుల మీదా వదిన చేతుల మీదా మందునీళ్ళు పోయించి, తోముకోండి, ఇంకా తోముకోండి అంటూనే ఉన్నాడు. తరవాత ముఖానికీ చేతులకీ తొడుగులు వేసుకుని డబ్బా లోపలికి తీసుకెళ్ళాడు. ఆయన మైక్రోస్కోపు ముందు కూర్చోవడం నేను రోజూ చూసేదే. చూస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తుంటాడు. ఆరోజు పాట లేదు. గుమ్మం దగ్గర నిలబడి ఆయన వీపునే చూశాను.

బయటికి వచ్చి, "దొమ్మ రోగమమ్మా," అన్నాడు. "ఇది గొర్రెల్ని చంపి ఊరుకునేది కాదు. కోసినవాళ్ళకీ, తోలు తీసినవాళ్ళకీ పాకుతుంది. దొమ్మతో చచ్చినదాన్ని కోయనే కూడదు. చెవి దగ్గర ఒక్క చుక్క నెత్తురు తీస్తే మాకు చాలు. కోస్తే నెత్తుట్లోని క్రిమికి గాలి తగిలి అది మట్టిలో ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చుంటుంది."

కోయకూడని గొర్రె ఒకటుంటుందని మా అమ్మ ఆవిడకి చెప్పలేదు. మా అమ్మకే తెలియదు.

"మాంసం తిన్నారా?"

"లేదు సామీ. తిల్లి చూసి నేనే వద్దంటి. పూడ్పించినా. పోయిన వారం దాని తోలు మాత్రం ఉండాది. డొల్లుకి బాగుంటాదని ఆయన తీసుకున్యాడు."

మా అన్న డొల్లు వాయిస్తే బీరదేవుడి జాతరలో ముసలివాళ్ళు కూడా ఎగిరేవాళ్ళు. ఆ డొల్లుకి తోలు తనే తీసి, తనే ఆరబెట్టి, తనే బిగించుకుంటాడు. తుమ్మముళ్ళ కంచెలు నరికే చేతులు వాడివి, గీతలు లేని రోజు ఉండదు.

"ఆయన చేతికి ఏమైనా..." అని సారు అడగబోయాడు.

"మణికట్టు మీద పొక్కు లేసింది," అంది వదిన. "ముల్లనుకున్యాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. సారు ఉన్నాడని కూడా చూడలేదు. "నీ కోతలూ, నీ పెద్దరికమూ! గొర్రె చస్తే పూడ్చి ఊరుకోలేవా? కత్తి కనబడితే చేతులు ఆగవా? మా అన్నకి ఏమన్నా అయితే నిన్ను బతకనీను చూడు!" అని నోటికొచ్చినట్టు తిట్టాను. కోపమా అది? కాదు, భయం. వదిన కొంగు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

మాకు మింగడానికి మాత్రలిచ్చి, సారు జీపు తీయించాడు. దారి పొడుగునా ఆ ఎర్రమట్టి నేలనే చూస్తూ కూర్చున్నాను. నేను పుట్టి పెరిగిన నేల అది. ఎక్కడ ఏముందో ఇప్పుడు ఎవరికి తెలుసు?

దొడ్డి దగ్గర మా అన్న ఆరేసిన తోలు పక్కనే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. "ఏమే మాయీ, జీపులో దిగినావ్, దొరసాని అయిపోయినావే!"

"చెయ్యి చూపించు," అన్నాను.

మణికట్టు మీద పొక్కు పగిలి నడుమ బొగ్గు పెట్టినట్టు నల్లగా ఉంది. చుట్టూ చెయ్యంతా ఉబ్బింది. పైన దేవుడి పసుపు అద్దుకున్నాడు.

"నొప్పి ఉందా?" అడిగాడు సారు.

"అస్సల్లేదు సామీ! నొప్పి ఉంటే కదా రోగం!"

సారు నా వైపు చూశాడు. నొప్పి లేకపోవడమే దాని గుర్తని దారిలో చెప్పి ఉన్నాడు.

ఆస్పత్రికి రమ్మంటే మా అన్న మొండికేశాడు. సూదంటే వాడికి చచ్చే భయం. అది ఒప్పుకోలేక మందని అడ్డం పెట్టుకున్నాడు. "మంద వదిలి యాడికి వచ్చేది? ఈ దొడ్డిలో ఇంటి మనిషి లేకుండా ఒక్క పూటన్నా గడిచిందా, మా తాత కాలం నుంచి?" మా వాళ్ళ కట్టు అది. పెళ్ళైనా, చావైనా, ఒకరు కదిలితే ఒకరు మంద దగ్గర ఉండి తీరాలి.

"నేనుండా కదా," అంది వదిన. "నువ్వు పో. మాయీ, నువ్వు ఎంబడి పోవే. సూది చూస్తే గోడ దూకి పారిపోతాడు."

"నువ్వొక్కదానివే ఎట్లా..." అన్నాడు మా అన్న.

"పోతావా, ఈ కర్ర తీసుకోనా?"

వాడు జీపెక్కాడు. వదిన సారుతో ఏమీ మాట్లాడలేదు, దగ్గరికి కూడా రాలేదు. గొర్రెల మధ్యకి వెళ్ళిపోయి అటు తిరిగి నిలబడింది.

ఆస్పత్రిలో చెయ్యి చూడగానే వాడిని వేరే గదిలో పెట్టి సూది మీద సూది వేశారు. వాడు ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పెద్ద డాక్టరమ్మ అడిగింది: "ఇంకెవరికైనా ఇలాంటి పొక్కు ఉందా?"

"లేదమ్మా," అన్నాను.

మా అన్న కళ్ళు తెరిచాడు. "లగమికి ఉండాది కదే. మెడ మీద. మొదటి గొర్రెని కోసేటప్పుడు చెమట తుడుచుకునింటాది, అక్కడే లేసింది. మొన్నట్నుంచి మింగలేకపోతాంది. మీ సారుకి చూపించలేదా? దానికోసమే కదా పొద్దున బస్సెక్కింది!"

దానికోసం కాదు. ల్యాబుకి డబ్బా తెచ్చింది గానీ మెడ తేలేదు. చూపించి ఉంటే సారు ముందు ఆవిడనే ఆస్పత్రిలో పడుకోబెట్టేవాడు. అప్పుడు దొడ్డిలో మిగిలిన ఒక్క మనిషి మా అన్న. మంద వదిలి వాడు వచ్చేవాడు కాదు. సారు నోట రోగం పేరు విన్న ఆ నిమిషంలోనే ఆవిడ ఇదంతా లెక్క చూసుకుంది, నేను తిడుతుంటే నోరు మూసుకుని.

మళ్ళీ జీపు. సారు తోలాడు. మేం వెళ్ళేసరికి వదిన తొట్టిలో నీళ్ళు పోస్తోంది. గొర్రెలు తోసుకుంటూ తాగుతున్నాయి. వెళ్ళి మెడ మీద కొంగు లాగేశాను. నల్లటి మచ్చ, మా అన్నదానికంటే పెద్దది. గడ్డం నుంచి రొమ్ము దాకా వాపు. ఊపిరి ఈలలా వస్తోంది.

"జీపెక్కు," అన్నాను.

"మంద..."

"నేనేమన్నా పరాయిదాన్నా? ఈ దొడ్డిలో పుట్టినదాన్ని. ఆ కర్ర ఇయ్యి. ఇయ్యి వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా."

కర్ర ఇచ్చింది. తనే వెళ్ళి జీపెక్కింది.

వాళ్ళు వెళ్ళాక ఒంటరిగా మిగిలాను. ఏ గొర్రె పడుకున్నా పరిగెత్తి కర్రతో పొడిచేదాన్ని. లేచి నా వైపు చిరాగ్గా చూస్తే బతికానురా దేవుడా అనుకునేదాన్ని. మర్నాడు సారు మనుషులు సున్నం బస్తాలతో వచ్చారు. గోతులు లోతుగా తవ్వి, తోలు కాల్చేసి, మందకి టీకాలు వేశారు. వదిన గురించి అడిగితే, "ఊపిరికి గొట్టం పెట్టారు, చూడాలి," అన్నాడు సారు. నేను తిట్టిన తిట్లన్నీ చెవుల్లో గింగురుమన్నాయి.

ఫోను రావడానికి వారం పట్టింది. అవతల బొంగురు గొంతు. ఎవరో అనుకున్నాను.

"మాయీ, నేనే."

"వదినా! ఎట్లుండావే?"

"వాపు దిగింది. గొట్టం తీసేసినారు. నాకు శానా భయమాయనే మాయీ. ఆ పొద్దు గాజుపలక చూసి సారు పేరు చెప్పినాడు చూడు, అప్పట్నుంచి. జీపులో మెడ తడుముకుంటానే ఉంటి. మీ అన్నకి చెప్పొద్దు."

ఫోను పక్క నుంచి మా అన్న గొంతు వినిపించింది. "ఈ పక్క మంచంలోనే ఉండానే, పిచ్చిదానా. నాకు లేదా భయం?"