మూడు చుక్కల డాక్టరమ్మ

పాప దగ్గు ఎంతకీ తగ్గకపోతే మొన్న ఆస్పత్రికి ఫోన్ చేశాను. "మేడమ్ లేరమ్మా" అంది అవతలి అమ్మాయి. "మళ్ల ఎప్పుడొస్తరు?" అని అడిగాను. "మేడమ్ పోయిన్రమ్మా" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. మా పాపకిక ఎవరు దిక్కని. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

పాపకు రెండేళ్లప్పుడు ఒకటే ఆయాసం. న్యుమోనియా అని మందులు మింగించి మింగించి విసిగిపోయి, ఛత్రినాక నుంచి రెండు బస్సులు మారి ఈ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూశారు. "ఛాతీకి, కడుపుకి నడుమ పొర ఉంటది. పుట్టుకతోనే దానికి చిల్లువడ్డది. పేగులు పైకెక్కి ఊపిరితిత్తిని నొక్కుతున్నయ్. కిందికి దించి చిల్లు కుట్టాలె" అన్నారు. పక్కటెముకల నడుమ మూడు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా పంపి, టీవీలో చూస్తూ కుడతారట. అలా కుదరకపోతే పెద్దగా కోయక తప్పదనీ ముందే చెప్పేశారు. ఆవిడ ఏదీ దాచేవారు కాదు. కాస్త దాచితే బాగుండునని నాకనిపించేది.

థియేటర్ తలుపు కదిలినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. చివరికి పాపను బయటికి తెచ్చారు. పాలవ్యాపారం చేసే మా అత్తమ్మ దుప్పటి ఎత్తి చూసింది. చుక్కల్లా మూడు చిన్న పట్టీలు. "ఏంది గిది? కోసిన్రా లేదా? గింత దానికి గంతసేపా?" అని లొల్లి మొదలుపెట్టింది. డాక్టరమ్మ ఫక్కున నవ్వారు. "కోత పెద్దగుంటెనే నమ్ముతవా పెద్దమ్మా? కుట్లన్నీ లోపటున్నయ్. నీ పాల క్యాను లెక్కనే, సుక్క గూడ కారది."

"మళ్ల ఊడదు గద మేడమ్?" అన్నాను నేను.

"ఊడదని రాసియ్యలేను. కొందరికి మళ్ల వస్తది. వస్తె మళ్ల కుడ్త. నేనున్న గద."

ఆ చివరి మాట పట్టుకునే ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను.

చూపించుకోవడానికి వెళ్తే స్టెతస్కోపు బిళ్లను అరచేతిలో రుద్ది వెచ్చబరిచి, పాప ఎడమవైపు ఆనించి, "గట్టిగ ఊపిరి తీస్కో బంగారం" అనేవారు. తర్వాత దాన్ని నా చెవులకు తగిలించేవారు. "విను. అప్పుడు ఈడ పేగుల గుడగుడ ఉండె. ఇప్పుడు గాలి." పాప తుమ్మినా పరుగెత్తుకెళ్లే నన్ను విసుక్కోలేదు. బోనాల డప్పులకు అది ఎగురుతుంటే కుట్లు ఊడతాయని నా భయం. "ఆడనియ్యి. ఆడనీకే గద కుట్టింది" అన్నారు.

తిట్టింది ఒకే ఒక్కసారి, పాప ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నందుకు. "ఫికర్ జెయ్యి, ఎవరొద్దన్నరు? పిల్లకు మాత్రం కనవడనియ్యకు."

అప్పటి నుంచి నాకు దొంగబుద్ధి పట్టుకుంది. పాప దగ్గితే ముద్దు చేస్తున్నట్టు దగ్గరికి లాక్కుని, ఎడమవైపు చెవి ఆనించేదాన్ని. ఈ సంగతి చెబితే డాక్టరమ్మ, "పాసయినవ్ పో" అని నా భుజం తట్టారు.

ఫోన్ చేసిన ఆ సాయంత్రం పాప బడి నుంచి దగ్గుతూనే వచ్చింది. డాక్టరమ్మ లేరన్న మాట నోట రాలేదు. ఎప్పటిలా దగ్గరికి లాక్కుని, వంగి చెవి ఆనించాను. పాప తన జడ పక్కకు తీసుకుంది. నేనేమీ అడగలేదు. అదే గట్టిగా ఊపిరి తీసుకుని, మెల్లగా వదిలింది.

"ఇనవడ్డదా అమ్మా?" అంది.

"ఇంకోసారి తీస్కో బంగారం" అన్నాను.