ఆర్థో వార్డుకొచ్చిన బాస్కెట్‌బాల్ అభిమానులు

1997 జనవరి. ఢిల్లీలో ఒక మధ్యరకం ఆసుపత్రి, మగవాళ్ల ఆర్థో వార్డు. ఆర్థో అంటే ఎముకలూ కీళ్లూ. విరిగినవి అతికించుకోవడానికీ, జారినవి ఎక్కించుకోవడానికీ వచ్చేవాళ్లు. నేనక్కడ స్టాఫ్ నర్సుని. అంతకు ముందు మూడేళ్లు గుండె వార్డులో చేశాను. అక్కడ్నుంచి ఇక్కడికి మార్చారని నెల రోజులు మేట్రన్‌తో మాట్లాడలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ కేసులో ఆ కోపానికీ పాత్ర ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నా.

ఒక శనివారం సాయంత్రం అజయ్ అనే కుర్రాణ్ణి తీసుకొచ్చారు. ఇరవై ఏళ్లు. కాలేజీల మధ్య బాస్కెట్‌బాల్ లీగ్ ఆడుతూ కింద పడ్డాడు, షోల్డర్ డిస్‌లొకేషన్. అంటే భుజం కీలు గూట్లోంచి బయటికి జారిపోవడం. మత్తిచ్చి ఎక్కించారు. మర్నాడు ఆదివారం, పెద్ద డాక్టరుగారు రారు కాబట్టి డిశ్చార్జి సోమవారమే అన్నారు. మంచం వాడికి సరిపోలేదు. కాళ్లు కడ్డీల్లోంచి బయటికొస్తే నేనే రెండు దుప్పట్లు చుట్టాను.

కేసు షీటులో ఇంటిపేరు చూసి, "తెలుగువాళ్లా?" అన్నాను. "జీ ఆంటీ, సమఝ్‌తా హూఁ, బోల్ నహీ పాతా," అన్నాడు, అర్థమవుతుంది కానీ మాట్లాడలేనని. ఢిల్లీలో పుట్టిన మన పిల్లలందరిదీ ఇదే పాట. కాసేపటికి వాళ్లమ్మ వచ్చింది. చూద్దును కదా, మా వైశాలి కాలనీ చర్చికొచ్చే సుగుణక్క! చీరాల ఆవిడ. భర్త ఎప్పుడో పోయాడు, స్కూల్లో ఆయాగా చేస్తూ ఇద్దరు కొడుకుల్ని పెంచింది. వాళ్లు చర్చికి రారు, నేనెప్పుడూ చూడలేదు. "ఓసి రత్నా, నువ్వా! ఇంక నాకు భయం లేదే," అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. వాడి భుజం గురించి మాత్రమే కాదు ఆ ఏడుపు. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి వాడి పేరు అనుకుంటున్నారట. ఇంకో నాలుగు వారాల్లో ఫైనల్, ఆ మ్యాచ్ చూడ్డానికి సెలెక్టర్లు వస్తారట.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి విజిటర్ల గంట కొట్టగానే దిగారండీ అభిమానులు! ఏడుగురో ఎనిమిదిమందో. మఫ్లర్లు, మంకీ టోపీలు, ఒకడి చంకలో డోలు. డోలు బయట పెట్టమని గుమ్మంలోనే కసిరాను. వాళ్లందరికీ నాయకుడు అజయ్ అన్న, కిరణ్. ఇరవై ఆరేళ్లుంటాయి, కొరియర్ ఆఫీసులో పని. చలికి మందపాటి జాకెట్టు వేసుకుని, జేబుల్లో చేతులు పెట్టుకుని, కొద్దిగా వంగి కూచున్నాడు. కూచోగానే మొదలెట్టాడు. వాళ్లు మాట్లాడింది హిందీ, నేను తెలుగులో రాస్తున్నా.

వాళ్లది యమున అవతల చిన్న సాయంత్రం కాలేజీ. సొంత కోర్టు కూడా లేదు, పక్క స్కూలు వాళ్లని బతిమాలుకుని ప్రాక్టీసు చేస్తారు. ఎప్పుడూ మొదటి రౌండులోనే ఓడి ఇంటికెళ్లే జట్టు ఆ ఏడాది లీగ్ పట్టికలో పైకొచ్చి కూచుంది. అందుకని ఆ మంచం చుట్టూ సీజన్ మొత్తం మళ్లీ ఆడారు.

"మొదటి మ్యాచ్ గుర్తుందా? ఆ పెద్ద కాలేజీ వాళ్లు మనల్ని చూసి నవ్వారు! యూనిఫాం లేదని!" అన్నాడు గుల్షన్ అనే లావుపాటి కుర్రాడు.

"సెకండ్ హాఫ్‌లో నవ్వారా?" అన్నాడు కిరణ్.

"ఎక్కడ నవ్వుతారు భయ్యా! అజయ్ నిలబడ్డచోటే నిలబడి చెయ్యి చాపాడు, బంతి వాడి చేతిలో ఉంది. అడుగు కూడా వెయ్యలేదు!"

"మూడో మ్యాచ్ అసలు మ్యాచ్," అని ఇంకొకడు. "కాదు, నాలుగోది, రిఫరీ మనకి అన్యాయం చేసిన మ్యాచ్," అని మరొకడు. ఒకరి మాట మీద ఒకరు. పక్క మంచం మీద కాలు విరిగిన సర్దార్జీ తాతగారు కూడా జట్టులో చేరిపోయి, "ఫిర్ క్యా హువా?" తర్వాతేమైంది, అని అడుగుతున్నాడు. నాకు బాస్కెట్‌బాల్ అంటే ఏమీ తెలియదు. బీపీ చూడ్డానికి అజయ్ చేతికి కఫ్ చుడుతూ వింటున్నా. నిజం చెప్పొద్దూ, నవ్వొస్తోంది కూడా.

అప్పుడు గుల్షన్ నాతో, "సిస్టర్ జీ, మీకు తెలుసా, వీడి చేతులు వీడికంటే పొడుగు! గోడకి నిలబెట్టి చాక్‌పీసుతో గీసి కొలిచాం. మనిషి ఆరడుగుల మూడంగుళాలు. రెండు చేతులు చాపితే ఇంకో నాలుగంగుళాలు ఎక్కువ!" అన్నాడు.

నా చేతులు ఆగాయి.

"ఆ వేళ్లు చూడండి. బొటనవేలు పిడికిట్లో మూస్తే అవతలివైపు బయటికొస్తుంది! బంతి అందుకే వదలదు," అన్నాడు ఇంకొకడు.

"కళ్లద్దాలు లేకపోతే మాత్రం బుట్ట కూడా కనపడదు. మైనస్ పదకొండు! తాడుతో కట్టుకుని ఆడతాడు," అని అందరూ నవ్వారు.

వాళ్లు గొప్పలు చెప్పుకుంటున్నారు, నాకు గుండె వార్డులో చూసిన కేసు షీటు వినిపిస్తోంది. పొడవాటి చేతులు, సన్నటి వేళ్లు, దగ్గరి చూపు, వదులు కీళ్లు. మార్ఫాన్ సిండ్రోమ్ అంటారు. పుట్టుకతో వచ్చేది. ఒంట్లో అన్నిటినీ పట్టి ఉంచే పదార్థమే బలహీనంగా ఉంటుంది. చేతులు పొడుగైతే పోయిందేమీ లేదు. గుండెలోంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, అయోర్టా, అది కూడా సాగుతుంది. సాగి సాగి ఒకరోజు చీలుతుంది. పరిగెత్తేవాళ్లకీ ఎగిరేవాళ్లకీ మరీ ప్రమాదం.

సుగుణక్కని వరండాలోకి తీసుకెళ్లాను. "అక్కా, మీ ఆయన దేంతో పోయారు?"

"గుండెపోటే. ఆఫీసులో కుర్చీలో కూచున్నవాడు కూచున్నట్టే. ముప్పై ఆరేళ్లు. ఎందుకే?"

"పొడుగా?"

"అబ్బో, మా ఊళ్లో అందరూ తాటిచెట్టు అనేవాళ్లు. వీడికి ఆయన పోలికే."

నేను తిన్నగా డ్యూటీ డాక్టరు దగ్గరికి నడిచాను.

డ్యూటీ డాక్టరు కుర్రాడు. చెప్తే, "సిస్టర్, ఇది ఆర్థో కేసు, భుజం చూడండి చాలు," అన్నాడు. ఒళ్లు మండిపోయింది. సోమవారం రౌండ్సులో పెద్ద డాక్టరుగారికే చెప్పాను. ఆయన అజయ్‌ని బొటనవేలు పిడికిట్లో మూయమన్నారు. వేలి కొన అవతల్నుంచి బయటికొచ్చింది. "ఎకోకి పంపండి," అన్నారు. ఎకో అంటే గుండెకి చేసే స్కానింగ్. మధ్యాహ్నానికి రిపోర్టు. అయోర్టా మొదలు ఉండాల్సిన దానికంటే బాగా వెడల్పు. ఆట బంద్. రోజూ మాత్రలు. ఆర్నెల్లకోసారి ఎకో. కింద ఇంకో లైను: ఇంట్లో అందరికీ ఎకో చేయించాలి.

సుగుణక్క రిపోర్టు నా చేతికిచ్చి మళ్లీ చదవమని ఏడ్చింది. అజయ్ ఏడవలేదు. "ఫైనల్ ఒక్కటీ ఆడి మానేస్తాను ఆంటీ, ఒక్కటే," అన్నాడు. కుదరదన్నాను. కనీసం ఆ పిల్లాడి తల నిమిరి ఉండాల్సింది. అప్పుడు తోచలేదు.

సాయంత్రం కిరణ్ వచ్చాడు. వరండాలో నా మీద విరుచుకుపడ్డాడు.

"మీరెవరు ఆంటీ? డాక్టరా? భుజానికి తీసుకొస్తే గుండె జబ్బు అంటారా? వాడి ఉద్యోగం పోయింది తెలుసా? మా సీజన్ మొత్తాన్ని చంపేశారు!"

"గొంతు తగ్గించు. ఇది ఆసుపత్రి."

"పొడుగు వేళ్లుంటే జబ్బా? ఇదిగో, నాకూ వస్తుంది, చూడండి!" జేబులోంచి చెయ్యి తీసి, బొటనవేలు పిడికిట్లో మూసి నా మొహం ముందు పెట్టాడు. వేలు అవతలికి వచ్చింది. "నేనేమైనా చచ్చానా?"

నేనేం అన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నీ సంగతి ఎవడడిగాడు? నోరు మూసుకుని తమ్ముడి సంగతి చూసుకో," అన్నాను. అని, ట్రే తీసుకుని విసవిసా లోపలికి వెళ్లిపోయాను. ఆ చెయ్యి చూశాను. చూసి కూడా చూడలేదు. ఆ క్షణం నాకు కనపడింది నన్ను ఎదిరించిన వేలు ఒక్కటే.

తర్వాతి వారం సుగుణక్క ఎకో చేయించుకుంది, ఆవిడకి ఏమీ లేదు. "పెద్దాడేడి?" అన్నాను. "ఫైనల్ అయ్యాక వస్తాట్టే. డోలు, జెండాలు, బస్సు మాట్లాడటం, అన్నీ వాడే. అజయ్ లేకపోయినా గెలిపిస్తానని తిరుగుతున్నాడు," అంది. సరే అన్నాను. ఇంకోసారి అడగలేదు. నా మీద అరిచినవాణ్ణి నేను బతిమాలాలా అనుకున్నాను, అదీ నిజం.

ఫైనల్ రోజు నాది మధ్యాహ్నం డ్యూటీ. రెండింటికి గేటులోకి రాగానే క్యాజువాలిటీ ముందు అదే గుంపు. జెండాలు, మొహాల నిండా రంగులు. గుల్షన్ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అజయ్ ఆడేశాడు! చెప్తే వినకుండా ఆడేశాడు! అనుకుని చెప్పులు జారిపోతున్నా పరిగెత్తాను.

అజయ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇంకా స్లింగ్‌లోనే ఉంది.

"మరి ఎవరు?" అన్నాను.

"భయ్యా," అన్నాడు.

లోపల కిరణ్. జాకెట్టు, స్వెట్టరూ విప్పేశారు. మొదటిసారి ఆ ఒళ్లు చూశాను. అవే చేతులు. అదే సన్నటి పొడవాటి ఛాతీ, మధ్యలో గుంట. నాలుగు వారాల కింద నా మొహం ముందే చెయ్యి పెట్టిన మనిషి. చివరి నిమిషంలో అరుస్తుంటే వీపులో ఏదో చీరినట్టు నొప్పి వచ్చిందట. గ్యాస్ అనుకుని సోడా తాగించారట. డాక్టరు ఈసీజీ తీసి గుండెపోటు మందులకి సిద్ధమవుతున్నాడు.

"అయోర్టా సార్! వీళ్ల తమ్ముడు మార్ఫాన్! రెండు చేతులకీ బీపీ చూడండి!" అని అరిచాను. కుడి చేతిలో నూట యాభై. ఎడమ చేతిలో నాడే అందలేదు. అయోర్టా చీలి ఆ చేతికి రక్తం అందటం లేదు. ఆపరేషన్ పెద్ద ఆసుపత్రిలోనే అవుతుంది. అంబులెన్సుకి పరిగెత్తారు.

కిరణ్ నన్ను గుర్తుపట్టాడు. "గెలిచాం ఆంటీ. రెండు పాయింట్లతో. వాడు లేకపోయినా," అన్నాడు. నా మీద కోపం లేదు ఆ మొహంలో. "ఎంత బాగా ఆడారో!" అని, ఇంకా ఏదో చెప్పబోయాడు. స్ట్రెచర్ అంబులెన్సు దాకా వెళ్లలేదు.

నాలుగు రోజులు నేను డ్యూటీకి వెళ్లలేకపోయాను. అన్నం ముందు కూచుంటే చేతులాడేవి కావు. చర్చిలో అందరూ, "ఒకణ్ణయినా దక్కించావు రత్నా," అనేవాళ్లు. ఆ మాట వింటే ఎక్కడికైనా పారిపోవాలనిపించేది. చివరికి ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక సుగుణక్క ఇంటికెళ్లి కూచుని మొత్తం చెప్పేశాను. వాడు చెయ్యి చూపించాడని, నేను చూశానని, ఏమన్నానో అదే మాట.

ఆవిడ నన్ను కొట్టినా బాగుండును అనుకున్నాను.

"చిన్నప్పట్నుంచీ వాడు నాకూ చూపించేవాడు," అంది ఆవిడ. "అమ్మా చూడు, నా వేలు ఎలా వస్తుందో అని. నేను నవ్వి ముద్దు పెట్టుకునేదాన్ని."

ఇద్దరం ఏడ్చాం. లోపలి గదిలోంచి అజయ్ వచ్చి మా ఇద్దరి మధ్యా కింద కూచున్నాడు.

అజయ్‌కి తర్వాత ఆపరేషన్ అయింది. ఇప్పుడొక స్కూల్లో పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పుతాడు. తను ఎగరడు, బెంచీ మీద కూచునే నేర్పుతాడు. ఆ కాలేజీ ఆ ఏడాది ఎలా గెలిచిందో అడిగితే ఒక్కో మ్యాచీ వరసగా చెప్తాడు, ఫైనల్ ఒక్కటీ తప్ప.

నేను ఆ తర్వాత ఇరవై ఏళ్లు నర్సుగా చేశాను. జబ్బు మంచం మీద పడుకున్నవాడికే ఉంటుందనుకోవడం మా అందరికీ ఉన్న అలవాటు. మంచం పక్కన నిలబడ్డవాళ్లని కూడా తేరిపార చూడటం ఆ కేసు నాకు నేర్పింది. పేషెంటు తాలూకు వాళ్లు నా మీద అరిస్తే చివరిదాకా నాకు కోపం వచ్చేది, అది పోలేదు. కానీ వాళ్లు అరవడం పూర్తయ్యేదాకా ఆగి, ఏం చెప్తున్నారో మొత్తం వినేదాన్ని. కిరణ్ చెప్పింది మాత్రం వినలేదు.