బోర్డు కింద మనిషి

వీధిలో ఆమెను అందరూ సైరనక్క అంటారు. బట్టలు కుట్టే కొట్టు ఆమెది. వెనక గదిలోనే వంటా, పడకా. మిషను ముందు కూర్చుంటే ఎదురుగా గాలిలో రేడియేషన్ ఎంతుందో చూపించే బోర్డు. ఊరి చివర అణువిద్యుత్ కేంద్రం ఉంది కాబట్టి ముఖ్యమైన కూడళ్లలో ఇలాంటివి నిలబెట్టారు. ఎర్రటి అంకెలు వెలుగుతుంటాయి. ఎంతయితే మామూలు, ఎంతయితే కంగారుపడాలి అన్న ముక్క మాత్రం రాయలేదు. జనానికి అంకె పారేసి అర్థం తమ దగ్గరే ఉంచుకోవడం అధికారులకు వెన్నతో పెట్టిన విద్య.

ఆ పేరు ఊరికే రాలేదు. ఒక వానరోజు, చూస్తూ ఉండగానే అంకె రెట్టింపయింది. వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది. "ఉన్నపళంగా బయల్దేరండే!" వీధంతా అరిచి చెప్పింది. ఆ హడావుడిలో చెల్లెలి కూతురు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. వాన వెలిసింది, అంకె దిగింది. "నీ భయం నీ దగ్గరే ఉంచుకో అక్కా, మా గడప తొక్కకు" అంది చెల్లెలు. ఆపైన మాటల్లేవు.

తర్వాత ఆ బోర్డులు పెట్టిన ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు చేసి విసిగిస్తే ఒకమ్మాయి విడమరిచి చెప్పింది. గాలిలో ఎప్పుడూ సహజంగా ఉండే రేడియేషన్ ధూళిని వాన కిందికి దించుతుందట. వెలిశాక కొన్ని గంటల్లో అదే తగ్గిపోతుంది. వాన లేకుండా పెరిగి దిగకపోయినా, పక్క కూడళ్లలోనూ పెరిగినా అప్పుడు ఆలోచించాలి. ఈ నాలుగు మాటలూ బోర్డు కింద రాయించి ఉంటే ఆ పిల్ల కాలు విరిగేది కాదు.

మొన్న ఎండ పెటపెటలాడుతుండగా అంకె పెరిగింది. వానరోజు కంటే ఎక్కువ. చెల్లెలి నంబరు తీసి ఆగిపోయింది. ఈసారీ ఉత్తదైతే ఇక జన్మలో మొహం చూడదు. నిజమైతే?

ముందు పక్క కూడలిలో పళ్లమ్మే అతనికి ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బోర్డు ఎంత చూపిస్తోంది?"

"ఎప్పుడూ ఉండేదే. ఏం సైరనక్కా, మూటాముల్లె సర్దుకోమంటావా?"

అయితే పెరిగింది ఇక్కడే. కత్తెర పక్కన పెట్టి బయటికొచ్చింది. బోర్డు కింద బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దాయన.

"ఎవరికోసమండీ?"

"ఎవరికోసమూ కాదమ్మా. కాస్త దూరంగా ఉండండి. గొంతులో గడ్డకి ఆసుపత్రిలో రేడియేషన్ మందు మింగించారు. కొన్నాళ్లు అది ఒంట్లోంచి బయటికి వస్తుంటుందట, చిన్నపిల్లల దగ్గరికి వెళ్లొద్దన్నారు. మాది ఒకటే గది. చంటి మనవరాలుంది. పగలంతా ఇలా తిరుగుతున్నా."

"ఒక్కసారి ఆ మలుపు దాకా వెళ్లి రాగలరా?"

ఆయన నడుస్తుంటే అంకె దిగింది. తిరిగొస్తే ఎక్కింది. అమ్మయ్య అనుకుంది. ఇన్నాళ్లకు బోర్డును సరిగ్గా చదవగలిగింది.

అప్పటికే కిరాణా కొట్టాయన, ఇంకో నలుగురూ పోగయ్యారు. "సైరనక్కా! అంకె ఎక్కింది. పరిగెత్తమంటావా, ఆగమంటావా?" నవ్వుతున్నారు గానీ కళ్లు బోర్డు మీదే ఉన్నాయి.

ఉన్నమాట చెబితే ఆమె మీద పడ్డ మచ్చ పోతుంది. ఆ కబురు చెల్లెలి దాకా వెళ్తుంది కూడా. కానీ ఈ ముసలాయన్ని రేపట్నుంచి ఏ బెంచీ మీదా కూర్చోనివ్వరు. ఆయన సంచి గట్టిగా పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు.

"భయం లేదు. తగ్గిపోతుంది" అంది.

"నీకెలా తెలుసు?"

"తెలుసు."

"అంతేలే, ఆవిడకీ బోర్డుకీ చుట్టరికం!" గొల్లున నవ్వి ఎవరి దారిన వాళ్లు పోయారు.

పార్కులో చివరి బెంచీ వైపు ఎవరూ రారని ఆయనకు మెల్లగా చెప్పింది. ఆయన వెళ్లాడు, అంకె దిగింది. జరిగింది ఆఫీసుకు ఫోన్లో చెప్పింది. "అప్పుడప్పుడు అవుతుంటుందండీ" అన్నారు వాళ్లు.

కొట్టులోకి వచ్చి, ఇందాక తీసిన నంబరు నొక్కేసింది.

"ఏమైందక్కా? మళ్లీనా?" అంది చెల్లెలు.

"ఏం లేదే. అంతా బాగానే ఉంది."

"అది చెప్పడానికా ఫోను?"

అది చెప్పడానికే అని ఆమె అనేలోపే చెల్లెలు పెట్టేసింది.