నీళ్లు కాగలేదు, ముల్లు కాగింది

విఘ్నాలను మన దారిలో నిలపడానికీ, తొలగించడానికీ తానొక్కడే అధికారియైన గజముఖునికి మొక్కి, వాక్కునకు ఒడయురాలైన తల్లిని తలచి ఈ ఉదంతం రాస్తున్నాను. ఇది శ్రీ క్రోధి నామ సంవత్సర కార్తిక బహుళ విదియ నాడు, విజయనగరంలో మా ఇంటి వాకిట జరిగింది.

మా మామగారు పోతూ పోతూ తమ పాత కారును పెద్దల్లుడినని నాకు విడిచారు. చిన్నల్లుడు, అనగా నా తోడల్లుడు, శ్రీకాకుళంలో బస్సుల డిపోలో మెకానిక్కుగా పనిచేసి విరమించినవాడు. కారు నాకు దక్కింది గాని, మామగారు బతికున్నన్నాళ్లు దాని బానెట్టు ఎత్తి, ఇద్దరూ తలలు లోపలికి వంచి చెప్పుకొనే మాటలు అతనికే దక్కాయి. ముప్పై ఏళ్లు తర్కశాస్త్రం బోధించిన నేను ఆ వేళల్లో అరుగు మీద కూర్చుని పత్రిక చదువుతున్నట్టు నటించేవాణ్ణి. ఒక్కనాడైనా మామగారు నన్ను పిలిచి, ఇటు వచ్చి చూడమని అనలేదు.

మార్గశిరంలో బొబ్బిలిలో అత్తగారి తమ్ముని మనుమరాలి పెళ్లి. మా ఇంట్లోనే ఉంటున్న అత్తగారికి, తన భర్త కారులోనే వెళ్లి పందిరి ముందు దిగాలని కోరిక. ఆ తలుపు నేను తీయగా ఆవిడ దిగడం బంధువులందరూ, ముఖ్యంగా ఆ తోడల్లుడు, చూడాలని నా కోరిక. అయితే కార్తికం మొదలుకొని ఆ కారులో ఇంజను వేడిని చూపే ముల్లు ఉన్నట్టుండి ఎర్ర గీతను తాకడం, మళ్లీ ఏమీ ఎరగనట్టు దిగిపోవడం పట్టుకుంది. పెళ్లినాటికి ఇది కుదుటపడకపోతే తల్లిని తన మరిది, అంటే ఆ తోడల్లుడి, కొత్త కారులో పంపుతానని నా భార్య తేల్చి చెప్పింది.

నేను శాస్త్రవిధిగా బయలుదేరాను. ఒక నోటుపుస్తకంలో ముల్లు ఎక్కిన ప్రతిసారీ స్థలం, వేళ, వాతావరణం రాశాను. భోగాపురం దగ్గర తెల్లవారుజామున మంచు, ముల్లు ఎక్కింది. అదే దారిన మధ్యాహ్నం తిరిగి వస్తే కదలలేదు. మా వీధి చివరి మెకానిక్కు చేత రేడియేటరు కడిగించాను, వేడిని కొలిచే సెన్సారు మార్పించాను. ముల్లు తన ఇష్టం తనదిగా ఉండిపోయింది.

ఆ విదియ నాటి ఉదయం తోడల్లుడు సంచీ భుజాన వేసుకుని వచ్చాడు.

"ఎవలు రమ్మన్నారు?" అన్నాను. కోపంలో నా నోట కూడా మా ఊరి మాటే వస్తుంది.

"నానే పిలిసినాను," అంది వంటింట్లోంచి నా భార్య. "మీ పుస్తకం నిండిపోనాది గానీ కారు బాగవలేదు కదండీ!"

అతను నా నోటుపుస్తకం అడిగి తీసుకుని, నిలబడే చదివాడు. "అన్నయ్యా, ఎక్కినప్పుడల్లా మంచు అని రాసినావు. మంచులో లైట్లేసినావా?"

"వేయకుండా ఎలా నడుపుతాను?"

"మరి అది రాయనేదేటి?"

నిప్పు ఉన్నంత మాత్రాన పొగ రాదు, పచ్చికట్టె కూడా ఉండాలి. ఆ మరుగున ఉన్న కారణాన్ని ముందుగా వెతకండని ఏటేటా విద్యార్థులకు చెప్పినవాణ్ణి. నా పుస్తకంలో మంచు ఉంది, దీపం లేదు. ఆ దీపాన్ని చూసినవాడు తర్కం గడప తొక్కనివాడు.

అతను ఇంజను నడిపించి, లైట్లు వేశాడు. ముల్లు ఎర్ర గీతకు ఎగబాకింది. రేడియేటరు పై గొట్టం మీద చెయ్యి వేసి నా చెయ్యి కూడా అక్కడ పెట్టించాడు. గోరువెచ్చగా ఉంది.

"నీళ్లు కాగలేదు, ముల్లు కాగింది. ఇంకోటి సూడు." పెట్రోలు ముల్లును చూపించాడు. అదీ పైకి లేచి ఉంది. లైట్లు ఆర్పితే రెండూ దిగాయి. "లైటేస్తే పెట్రోలు పెరుగుతాదేటన్నయ్యా? అలగైతే ఇంక బంకులెందుకు?"

వాకిట్లో కుర్చీ వేసుకున్న అత్తగారు కిలకిలా నవ్వారు. "సిన్నల్లుడు సెయ్యేస్తే సాలు, మా ముసలాయన సెయ్యేసినట్టే ఉంటాది!"

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో నాకే తెలుసు.

మీటర్లు రెంటికీ కలిపి, కరెంటును బండి రేకులోకి దింపే ఎర్తు తీగ ఒకటే ఉంటుందనీ, అది వదులైతే లైట్లు వేసినప్పుడు రెండూ అబద్ధం చెబుతాయనీ అంటూ అతను డాష్‌బోర్డు కిందికి దూరాడు. టార్చి వెలుగులో ఆ తీగను బిగించిన బోల్టు కనిపించింది. దానికి, దాని చుట్టూ ఉన్న రేకుకు, దట్టంగా ఎర్ర రంగు. రంగు మీద కుంకుమబొట్టు.

మహర్నవమి నాడు, తుప్పు పట్టిన ఇనుముకు ఆయుధపూజ కూడదని, ఆ బోల్టు విప్పి, తుప్పు గీకి, రంగు పూసి, తీగ మళ్లీ బిగించి బొట్టు పెట్టినవాణ్ణి నేను. రంగు గుండా కరెంటు పోదని నాకు తోచలేదు.

అతను బొట్టు చూశాడు, నా ముఖం చూశాడు. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, తీగ బిగించి లేచాడు. ఈసారి లైట్లు వేసినా ముళ్లు చలించలేదు.

"ఏటయినాది మరిదీ?" నా భార్య వచ్చి అడిగింది.

"ఏటీ నేదొదినా. సముద్రం గాలి కదా, తుప్పు."

అతను తిట్టి ఉంటే ఓర్చుకునేవాణ్ణి. నన్ను కాపాడాడు. మామగారి స్నేహం, అత్తగారి మెప్పు, నా పుస్తకంలోని జవాబు అన్నీ తీసుకున్నవాడు, చివరకు పెద్దమనిషితనం కూడా తనే తీసుకుంటే నాకేం మిగులుతుంది? కనీసం తప్పైనా నాదిగా ఉండాలనిపించింది.

"తుప్పు కాదు. పూజకు ముందు ఆ బోల్టుకు రంగు పూసినది నేను," అన్నాను గట్టిగా.

నా భార్య ఆశ్చర్యపోలేదు. "ఎర్ర రంగే కదండీ? నవమి నాడు మీ పంచెకంటినాది. ఉతికింది నానే కదా. కారుకేసినారో, కటకటాలకేసినారో అనుకున్నాను."

అత్తగారు మళ్లీ నవ్వారు. తోడల్లుడు మాత్రం నవ్వకుండా గరుకు కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "ఉంచు అన్నయ్యా. వచ్చే నవమికి పనికొస్తాది."

మార్గశిర శుద్ధ దశమి నాడు అత్తగారు ఆ కారులోనే బొబ్బిలి వెళ్లారు. దారంతా మంచు, లైట్లు వేశాం, ముల్లు నడుమనే నిలిచింది. ఆవిడ కోరగా తోడల్లుడు నడిపాడు, నేను వెనుక సీటులో కూర్చున్నాను. పందిరి ముందు ఆవిడ తలుపు తీసింది కూడా అతనే.