మా సందులో అందరూ పాసయ్యారు

మనుషులు ఫోన్లతో, కంప్యూటర్లతో ఎలా వేగుతారన్నదే యూనివర్సిటీలో నా పరిశోధన. సర్కారు దవాఖానాలో ఓపీ చీటీని ఇంటి నుంచే తీసుకునే యాప్ ఒకటి తయారు చేశాను. దాన్ని వాడేటప్పుడు జనం ఎక్కడ తడబడతారో చూసి రాయాలి. నా థీసిస్‌కు ప్రాణం ఆ అధ్యాయమే. పరీక్షకు సంతోష్‌నగర్‌లోని మా సందు ఆడవాళ్లు చాలనుకున్నాను. వాళ్లను పిలిచే పనీ, పరీక్ష ఫోనూ అమ్మకు అప్పజెప్పి పప్పులో కాలేశాను.

ఒక్కరూ తడబడలేదు. మాకు పాలు పోసే అత్త కళ్లజోడు మరిచి వచ్చి కూడా చకచకా నొక్కి చీటీ తీసేసింది. ఎట్లుందత్తా అంటే, "మస్తుంది బిడ్డా, వంక పెట్టేటట్టు లేదు" అంది. అందరిదీ అదే మాట. నేను గాల్లో తేలిపోతూ వెళ్లి మా గైడ్ సార్‌కు ఆ ఫలితాలు చూపించాను. ఆయన ముఖంలో నవ్వు లేదు.

"తప్పే దొరకలేదంటే నువ్వు కనుక్కున్నదేం లేదమ్మా. ఈ అధ్యాయం తీసెయ్యాల్సిందే."

ఇంకొందరిని పిలవమని అమ్మకు చెప్పి, వచ్చినవాళ్లకు పెట్టడానికి జాకెట్టు ముక్కలు కొందామని పత్తర్‌గట్టి బజారుకు బయల్దేరాను. చినుకులు మొదలయ్యాయి. గొడుగు కోసం వెనక్కి వస్తే, మా ముందు గదిలో కొత్తగా వచ్చిన ఆడవాళ్లకు పరీక్ష ఫోను చూపిస్తూ అమ్మ ట్యూషన్ నడుపుతోంది. పాల అత్త పక్కనే కూర్చుని తలాడిస్తోంది.

"గా పచ్చ బొత్తం ఒక్కపాలి నొక్కితే పనిజెయ్యది, మల్ల మల్ల నొక్కుండ్రి. తారీఖు కనవడలేదని ఫికర్ జెయ్యకుండ్రి, కింద దాక్కుంటది. ఎనుకకు మాత్రం పోకుండ్రి, మొత్తం మొదటికొస్తది. మా పొల్ల పరీక్ష ఇది, పాసు గావాలె."

"గింత సదివి గిట్లెందుకు జేసిందక్కా?" అంది పాల అత్త.

"చిన్నప్పటి సంది దానికి తొందరెక్కువ."

నేను నెలల తరబడి వెతుకుతున్న తప్పులన్నీ గుమ్మం దగ్గరే దొరికాయి. అందరూ వెళ్లాక అమ్మను పట్టుకున్నాను.

"గివన్నీ నా పుస్తకంల రాసుకుంటనే అమ్మా."

"నా బిడ్డ తప్పులు నా నోటితోని రాయిస్తవా? నేను చెప్ప."

"చెప్పకుంటే నా సదువు ఆగిపోతదే."

అమ్మ కొంగుతో ఫోను తుడిచి, "గట్లయితే రాస్కో" అని మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. యాప్ తప్పులు అయిపోయాక, ఊపులో నావీ కొన్ని చెప్పింది. అవి థీసిస్‌లో పెట్టలేదు. నాకు సిగ్గూ వేసింది, నవ్వూ వచ్చింది. సందులో నా పరువు నిలబెట్టడానికే ఆమె ఇన్ని పాట్లు పడింది.

చివరికి ఫోను నా చేతిలో పెట్టింది.

"మంచిగ జేసుకరా, మల్ల అందర్ని పిలుస్త. ఈసారి ఎవ్వలకు నేర్పియ్య. ఇజ్జత్ పోతే పోనీ."