పుడ్డింగూ పెన్సిలూ

ఐర్లండ్‌లోని కార్క్‌లో నేను అద్దెకున్న ఇంటావిడ నా జాబితాను నాకంటే కచ్చితంగా పాటించేది. నాకు విసుగొచ్చింది కూడా అందుకే. చేరిన రోజే నేను తిననివి రాసి వంటగదిలో అంటించాను: మాంసం, చేప, గుడ్డు, జెలటిన్. ఏది వండినా ఆ కాగితం మీద వేలు నడిపి, "ఇందులో లేదు, గ్రాండ్!" అనేది. అక్కడివాళ్ల మాటలో గ్రాండ్ అంటే 'సరే, ఇబ్బంది లేదు' అని.

నా పుట్టినరోజున నాలుగు గంటలు ఆవిరి మీద పుడ్డింగ్ ఉడికించింది. ఇంత మెత్తగా ఎలా వచ్చిందని చెంచా ఎత్తి అడిగాను.

"ఆవు కొవ్వు, నాయనా."

"మాంసం తిననని రాశాను కదండీ!"

"మాంసం రాశావు. కొవ్వు రాయలేదు."

చెంచా దించేశాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

మరుసటి ఆదివారం వెన్నతో మళ్లీ చేసింది. "ఇంకేమైనా మర్చిపోయావా? తినకముందే రాసెయ్."

ఆ ఇల్లు వదిలేదాకా నా గిన్నె పక్కన చెంచాతోపాటు పెన్సిల్ కూడా పెట్టేది.