చప్పుడు చేయకుండా చదివిన సంగీతం

మొన్న అశోక్‌నగర్ సందులో జిరాక్స్ తీయించుకుంటుంటే పక్క మెట్ల దగ్గర రీడింగ్‌రూమ్ బోర్డు కనపడింది. "మాట్లాడరాదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టవలెను." ఇన్నేళ్ళయినా ఆ బోర్డంటే నాకు హడలే.

అప్పట్లో నేను బర్కత్‌పురలో ఒక బడిలో పిల్లలకు పాటలు నేర్పేదాన్ని. పాశ్చాత్య సంగీతంలో డిప్లొమా తెస్తేనే వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందన్నారు. పియానో ఎలాగో అయిందనిపించాను. మిగిలింది చరిత్ర. వెయ్యేళ్ళ కిందటి చర్చి పాటల నుంచి పదహారో శతాబ్దపు రినైసాన్స్ దాకా, అదీ మౌఖిక పరీక్ష. నేనుండేది చిక్కడపల్లిలో మా మేనత్త ఇంట్లో. అక్కడ కుక్కర్ కూతలకూ మార్కెట్ అరుపులకూ చదువు సాగదని అశోక్‌నగర్‌లో, ఆ రీడింగ్‌రూమ్‌లో సీటు తీసుకున్నాను. చుట్టూ గ్రూప్స్‌కి చదివేవాళ్ళే. పక్క సీటు అన్న, "బిట్లు కొట్టు చెల్లె, ఏ సబ్జెక్టయినా గంతే," అని ధైర్యం చెప్పాడు. ఒక్క మాటలో జవాబొచ్చే ఆ బిట్లు ఆరు నెలలు బట్టీ కొట్టాను. ఏ శతాబ్దం, ఏ దేశం, ఎన్ని గొంతులు, నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఒకరోజు అత్త చాయ్ పోస్తూ, "ఏందే, పాటల పరీక్షంటవు, ఒక్క పాట ఇన్నది లేదు?" అంది. నీకేం తెలుసని కసురుకున్నాను.

పరీక్ష నారాయణగూడలో. అక్కడి మేడమ్ బిట్టు ఒక్కటీ అడగలేదు. నా చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి, "ఇది ఏ కాలంది? ఎట్ల చెప్తవ్?" అంది. మగ గొంతులు, ఏవో లాటిన్ మాటలు. నా పై ప్రాణం పైనే పోయింది. బిట్లన్నీ కళ్ళ ముందు గిర్రున తిరుగుతున్నాయి గానీ ఒక్కటీ ఆ పాటకి అతకదు. ఉద్యోగం పోయినట్టే, అత్తకి మొహం ఎలా చూపించను? "భయమైతుంది మేడమ్. ఇవన్నీ చదివిన గని ఎన్నడు ఇనలే," అని నిజం కక్కేశాను.

ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. "మరి ఇప్పుడన్న విను," అని మళ్ళీ మొదటినుంచి పెట్టింది. కళ్ళు మూసుకున్నాను. వాద్యం లేదు, తాళం లేదు, అందరిదీ ఒకటే బాణీ. ఓరి దేవుడా, శుక్రవారం మా అత్త హాల్లో ఆడవాళ్ళంతా చేరి చేసే పారాయణం ఇలాగే కదా సాగేది! భయపడుతూనే ఆ మాట చెప్పాను. "గట్లనే. మరి దాన్ని ఏమంటరు?" అంది. "ప్లెయిన్‌చాంట్, ఆ పాత చర్చి పాటలు," అన్నాను. నా పుస్తకంలో మొట్టమొదటి బిట్టే అది.

అత్తెసరు మార్కులతో బయటపడ్డాను, ఉద్యోగం నిలిచింది. "నేను చెప్పలే?" అని అత్త ఇప్పటికీ దెప్పుతుంది. భయం మాత్రం ఆ బోర్డు దగ్గర అలాగే కాచుకుని ఉంది. అన్ని వందల ఏళ్ళు దాటుకుని క్షేమంగా నా దాకా వచ్చిన పాటని, ఆ రీడింగ్‌రూమ్ గుమ్మం బయట ఆరు నెలలు నిలబెట్టింది నేనే.